యూత్ వర్కర్‌గా చేరాను, హెల్త్ ట్రైనింగుల్లో ముందు ఏది చెయ్యాలి? (నా సమాధానం, కొంచెం పెద్దదే)

మీ ప్రశ్న చదివాను అమ్మా. క్లుప్తంగా ఇది కదా: డిగ్రీ అయింది, టెక్కలి వైపు ఒక చిన్న సంస్థలో యూత్ వర్కర్‌గా కొత్తగా చేరారు, పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లల దగ్గర్నుంచి పాతికేళ్ళ కుర్రాళ్ళ దాకా మీతో పని ఉంటుంది, వాళ్ళ ఆరోగ్యం, మనసు బాగోగుల మీద ఏదైనా ట్రైనింగ్ చేసి రమ్మని ఆఫీసులో అన్నారు. వెతికితే ఫ్రీ ఆన్‌లైన్ కోర్సుల నుంచి వేలకి వేలు అడిగే 'వెల్‌నెస్ కోచ్' సర్టిఫికెట్ల దాకా బోలెడు వచ్చాయి, ఏది పట్టుకోవాలో తెలీక ఆగిపోయారు.

సూటిగా చెప్తాను. పెద్ద డిప్లొమాతో మొదలెట్టకండి. నాలుగు చిన్న ట్రైనింగులు చెయ్యండి, ఈ వరసలోనే. మొదట చేత్తో చేయించే ఫస్ట్ ఎయిడ్. రెండోది సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్, అందులో ఆత్మహత్య మాట వచ్చినప్పుడు ఎలా మాట్లాడాలన్నది తప్పకుండా ఉండాలి. మూడోది పోక్సో, అంటే పిల్లల మీద లైంగిక నేరాల చట్టం. నాలుగోది మీ పీహెచ్‌సీ ద్వారా కౌమార ఆరోగ్యం, అంటే ఆర్‌కేఎస్‌కే అనే ప్రభుత్వ కార్యక్రమంలోని ఆరు అంశాలు. దాదాపు ఖర్చు లేకుండా అన్నీ అయిపోతాయి. ఇవి చేసి ఒక ఏడాది ఊళ్ళలో తిరిగాక అప్పుడు పెద్ద కోర్సు గురించి ఆలోచిద్దురు.

ఏ కోర్సు చూసినా మీరు అడగాల్సింది ఒకటే ఉంది. ఇది చేశాక ఒక పిల్లో పిల్లాడో నా దగ్గరకొచ్చి కష్టం చెప్పుకుంటే అప్పుడు ఏం అనాలో, నేను ఎక్కడ ఆగాలో, ఎవరి చేతికి అప్పజెప్పాలో నాకు తెలుస్తుందా? ఈ మూడూ నేర్పనిది ఎంత పెద్ద పేరున్న కోర్సైనా మన పనికి రాదు. నేను విజయనగరం జిల్లాలో చాలా ఏళ్ళుగా యువజన సంఘాలతో, కాలేజీ పిల్లలతో పనిచేస్తున్నాను, ఇప్పుడు కొత్తగా చేరేవాళ్ళకి నేనే ట్రైనింగులు కూడా ఇస్తున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఫస్ట్ ఎయిడ్ ఎందుకు ముందు అంటే, మన పని ఆఫీసులో కాదు కదా, గ్రౌండులో, చెరువు గట్టు మీద, సముద్రం ఒడ్డున, జాతర జనంలో. మన రెండు జిల్లాల్లో తెల్లారకుండానే రోడ్ల మీద ఆర్మీ సెలెక్షన్‌కి పరిగెత్తే కుర్రాళ్ళు ఎంతమందో మీకు తెలుసు, శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియం వైపు వెళ్తే గుంపులు గుంపులుగా కనిపిస్తారు. కొండవెలగాడలో ఆడపిల్లలు బరువులెత్తుతారు. వీళ్ళకి పోషకాహారం మీద లెక్చర్ ఇవ్వడం కంటే ముందు, ఒక కుర్రాడు పరిగెత్తుతూ పడిపోతే మొదటి నాలుగు నిమిషాల్లో మీరేం చేస్తారన్నది ముఖ్యం. గుండె ఆగితే చేసే సీపీఆర్‌లో, పెద్దవాళ్ళకైతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి, ముప్పై నొక్కులకి రెండు ఊపిర్లు. ఇది చదివితే సులువుగానే ఉంటుంది, బొమ్మ మీద నొక్కి చూస్తే తెలుస్తుంది ఎంత గట్టిగా నొక్కాలో, రెండు నిమిషాలకే చేతులు ఎలా లాగేస్తాయో. అందుకే వీడియో చూసి సర్టిఫికెట్ ఇచ్చే ఫస్ట్ ఎయిడ్ కోర్సు వద్దు. రెడ్ క్రాస్ జిల్లా శాఖలు శ్రీకాకుళంలోనూ ఉన్నాయి, విజయనగరంలోనూ ఉన్నాయి, వాళ్ళని గానీ సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్ళని గానీ అడగండి, ఒక ఇరవై మందిని పోగేసి బ్యాచ్ కట్టుకుంటే మీ ఊరికే వచ్చి నేర్పించేలా మాట్లాడుకోవచ్చు.

అడిగేటప్పుడు ఇంకో మాట కూడా చెప్పండి, మాకు పాముకాటు, వడదెబ్బ, నీట మునగడం ఈ మూడూ విడిగా కావాలి అని. పట్నాల్లో తయారైన సిలబస్‌లో వీటికి ఒక్కో పేజీ ఉంటుంది, మన దగ్గర ఇవే ఎక్కువ. పాము కరిస్తే తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కొయ్యడం ఇప్పటికీ చేస్తున్నారు, రెండూ చెయ్యకూడదు. పట్టీలు, ఉంగరాలు తీసేసి, ఎముక విరిగినప్పుడు కట్టినట్టు కాలో చెయ్యో కదలకుండా కట్టి, 108 పిలిచి లేదా దొరికిన బండి మీద, యాంటీ వెనమ్ ఉన్న ఆసుపత్రికి తీసుకుపోవడమే. కట్లపాము అయితే నేల మీద పడుకున్నవాళ్ళని రాత్రిపూట కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతుంటాయి, మాట ముద్దగా వస్తుంది. "నిద్ర మత్తులే" అని వదిలేస్తే ప్రాణం పోతుంది. ఈ ఒక్క విషయం మీ యూత్ క్లబ్‌లో అందరికీ తెలిసినా మీ ట్రైనింగ్ ఫలితం వచ్చేసినట్టే.

ఆర్మీ కుర్రాళ్ళ సంగతి ఎత్తాను కాబట్టి ఇంకొంచెం చెప్పనివ్వండి. మా దగ్గర ప్రాక్టీస్ చేసే కుర్రాళ్ళు కాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకుని రోజూ వేసుకునేవారు, మే నెల ఎండలో, నీళ్ళు కూడా సరిగా తాగకుండా. ఇది ఎక్కడైనా తప్పే, మీ దగ్గరైతే ఇంకా తప్పు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస వైపు, అంటే ఉద్దానంలో, ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బు గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. ఉద్దానం జబ్బుకి కారణం ఇదే అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు, కాబట్టి "ఈ మాత్రల వల్లే వచ్చింది" అని మీరు ఎక్కడా అనొద్దు, అది అబద్ధమవుతుంది. కానీ ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఇలాంటి నొప్పి మాత్రలు కిడ్నీని దెబ్బతీస్తాయన్నది మాత్రం ఖాయంగా తెలిసిన సంగతి. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉంటే ఆ కుర్రాడు మరీ జాగ్రత్తగా ఉండాలి, పీహెచ్‌సీలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష), బీపీ ఒకసారి చూపించుకోమనండి. ఏ జనరల్ ఫిట్‌నెస్ కోర్సూ మీకిది నేర్పదు, మీ పీహెచ్‌సీ డాక్టరు గారు పది నిమిషాల్లో చెప్పేస్తారు. నేను స్థానిక ట్రైనింగ్ అని పట్టుబట్టేది ఇందుకే.

ఇక రెండోది. సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ అంటే కౌన్సెలింగ్ కాదు, వైద్యమూ కాదు. పెద్ద దెబ్బ తిన్న మనిషి పక్కన మొదటి గంటల్లో, మొదటి రోజుల్లో ఎలా నిలబడాలో నేర్పేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో దీనికి ఒక గైడ్ తెచ్చింది, మూడే మెట్లు: లుక్, లిజన్, లింక్. ముందు చూడు, ఎవరికి ఏ అపాయం ఉందో. తర్వాత విను, బలవంతంగా చెప్పించకుండా. ఆ తర్వాత వాళ్ళకి కావాల్సిన మనుషులతో, సాయంతో కలుపు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి కదా, ఒక్కో చెట్టుకి ఎన్నేళ్ళ కష్టమో. అప్పుడు సాయానికి వెళ్ళినవాళ్ళు చాలామంది బియ్యం, టార్పాలిన్లు పంచుతూనే "ధైర్యంగా ఉండండి, అన్నీ సర్దుకుంటాయి" అనేసి వచ్చేశారు. తోట పోయిన మనిషికి ఆ మాట ఎక్కదు. పక్కన కూర్చుని, ఇవాళ రాత్రి ఎక్కడ పడుకుంటారు, నీళ్ళున్నాయా, ఊళ్ళో మీవాళ్ళెవరు, నష్టపరిహారం లిస్టులో పేరు రాశారా అని అడిగి ఆ పని దగ్గరుండి చేయించడమే నిజమైన ఫస్ట్ ఎయిడ్. తుఫాన్లు మన తీరాన్ని వదిలిపెట్టవు కాబట్టి ఈ ట్రైనింగ్ మీకు కచ్చితంగా అక్కరకొస్తుంది.

దీనికి ఆన్‌లైన్‌లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీ వాళ్ళ కోర్సు కోర్సెరా అనే వెబ్‌సైట్‌లో ఉంది, బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ళ డిజిటల్ అకాడమీలో కూడా వెతకండి. ఆస్ట్రేలియాలో 2000లో బెట్టీ కిచెనర్, టోనీ జోర్మ్ అనే భార్యాభర్తలు మొదలెట్టిన మెంటల్ హెల్త్ ఫస్ట్ ఎయిడ్ కూడా మంచిదే, కుర్రాళ్ళతో పనిచేసే పెద్దవాళ్ళ కోసం దాంట్లో విడిగా కోర్సు ఉంది. ఇవన్నీ ఇంగ్లిషులో ఉంటాయి, ఇంటి దగ్గర చదువుకోడానికి బాగుంటాయి. కానీ చదవడంతో ఆపకండి. ఇంకో ఇద్దరు వర్కర్లని కూర్చోబెట్టుకుని ఒకరు పిల్లాడిలా, ఒకరు వర్కర్‌లా, ఇంకొకరు చూసేవాళ్ళుగా మనం ఊళ్ళో మాట్లాడే మాటల్లోనే ప్రాక్టీస్ చెయ్యండి. గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నవాళ్ళు లేరు కదా. మొదటిసారి అందరూ సలహాలు ఇచ్చేస్తారు, పది నిమిషాలు సలహా ఇవ్వకుండా వినడం ఎంత కష్టమో అప్పుడు తెలుస్తుంది.

ఆత్మహత్య గురించి నేరుగా అడగడం నేర్చుకోవాలి. కొత్త వర్కర్లు అందరూ భయపడేది ఇక్కడే, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని. అవ్వదు. ఈ విషయం మీద పరిశోధనలు జరిగాయి, అడగడం వల్ల ప్రమాదం పెరగదు, చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరట దొరుకుతుంది. ఏప్రిల్‌లో ఇంటర్ రిజల్ట్స్ వచ్చే రోజులు మన పనిలో అన్నిటికంటే బరువైన రోజులు. మా క్లబ్‌లో ట్రైనింగ్ అయిన ఒక వాలంటీర్ కుర్రాడు అలాంటి ఒక సాయంత్రం నాకు ఫోన్ చేశాడు. ఫెయిలైన స్నేహితుడు గ్రౌండులో ఒంటరిగా కూర్చుని "నానుండి ఏటి లాభం, ఇంట్లో అందరికీ భారమే" అంటన్నాడట. మావాడు పక్కన కూర్చుని "ఒరే, సచ్చిపోవాలనిపిస్తందేటి?" అని అడిగేశాడు. వాడు ఏడ్చి అవునన్నాడు. ఎలాగ అనుకున్నావు అనడిగితే పొలానికి తెచ్చిన పురుగుమందు పాకలో ఉందన్నాడు. ఇక్కడ ట్రైనింగ్ పనిచేసింది చూడండి, వాలంటీర్ వాడిని ఒక్కడినీ వదల్లేదు, ఇంకొకడి చేత వాళ్ళ మావయ్యకి కబురు పెట్టించాడు, ఆ మందు డబ్బా ఆ రాత్రికే పాకలోంచి తీసేయించాడు, 14416కి కలిపి ఫోన్ వాడి చేతికిచ్చాడు, పొద్దున్నే తండ్రితో కలిసి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళాడు. ఆ వాలంటీర్ సైకాలజిస్టు కాదు, ఐటీఐ చదివాడు. ఐదు పనులు వరసగా గుర్తున్నాయి, అంతే. ఆ అబ్బాయి సప్లిమెంటరీ రాసి ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు.

14416 అంటే టెలీ మానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలెట్టింది, రోజంతా పనిచేస్తుంది, డబ్బులుండవు, తెలుగులో మాట్లాడతారు. మీ పిల్లలకి ఈ నంబరు ఇచ్చే ముందు మీరు ఒకసారి చేసి చూడండి, ఎవరు ఎత్తుతారు, ఏమడుగుతారు, మీకు తెలిస్తే పిల్లలకి నమ్మకంగా చెప్పగలరు.

చట్టం ముక్క కూడా దీంట్లోనే తెలుసుకోవాలి. పిల్లాడు పురుగుమందు తాగితే మనవాళ్ళు ఆసుపత్రిలో "పొరపాటున తాగేసినాడు" అంటారు, లేదా పోలీసు కేసు అవుతాదని భయపడి ముందు ఆర్‌ఎంపీ దగ్గరకి తీసుకెళ్ళి టైం పోగొడతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసే పాత ఐపీసీ 309 సెక్షన్ కూడా లేదు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అని రాస్తారు, అది రికార్డు కోసం రాసేది, పిల్లాణ్ణి జైల్లో పెట్టడానికి కాదు. ఈ నాలుగు ముక్కలు ఊళ్ళో తెలిసుంటే కొన్ని ప్రాణాలు నిలబడతాయి, నేను ప్రతి మీటింగులో చెప్తాను.

మూడోది పోక్సో. దీన్ని హెల్త్ ట్రైనింగ్‌లో ఎందుకు కలిపానంటే, మీరు మంచిగా వినడం నేర్చుకున్నాక పిల్లలు మీకు చెప్తారు. ఏదో ఒక రోజు ఒక పిల్ల "మేడమ్, ఎవ్వరికీ చెప్పనని ఒట్టెయ్యండి" అంటుంది. ఆ ఒట్టు వెయ్యొద్దు. 18 ఏళ్ళ లోపు పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే 2012 చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి, చెప్పకపోతే 21వ సెక్షన్ కింద శిక్ష ఉంది, ఆరు నెలల వరకు జైలు గానీ జరిమానా గానీ రెండూ గానీ. అది సంస్థ పెద్దలకే కాదు, మీకూ వర్తిస్తుంది. నేను మొదటి సెషన్‌లోనే పిల్లలతో ఇలా చెప్తాను: "మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుంది. కానీ మిమ్మల్ని ఎవరైనా బాధపెడుతున్నా, మీ ప్రాణానికి అపాయం ఉన్నా ఇంకొకరి సాయం తీసుకోకుండా నేను ఆగను, అది మీకు చెప్పే చేస్తాను." ఇలా ముందే అంటే ఇంక ఎవరూ నోరు విప్పరేమో అనిపిస్తుంది, అలా ఏం జరగలేదు, చెప్పాల్సినవాళ్ళు ఇంకా నమ్మకంగా చెప్తున్నారు. ఆ పిల్ల చెప్తున్నప్పుడు మీరు దర్యాప్తు చెయ్యకండి, మళ్ళీ మళ్ళీ అడిగి చెప్పించకండి, విని, నువ్వు చెప్పి మంచి పని చేశావు, తప్పు నీది కాదు అని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెయ్యండి. ఈ చట్టంలో ఒక చిక్కు కూడా ఉంది, పదిహేడేళ్ళ పిల్ల ఇష్టపడి లైంగిక సంబంధం పెట్టుకున్నా ఆ ఇష్టాన్ని చట్టం ఒప్పుకోదు, మీకు ఇలాంటివి తప్పకుండా ఎదురవుతాయి, అందుకే ట్రైనింగ్ ఇచ్చేవాళ్ళు జిల్లా బాలల సంరక్షణ విభాగం వాళ్ళైతే మంచిది, మీ సందేహాలు ముందే అడిగేసుకోవచ్చు.

నాలుగోది ఆర్‌కేఎస్‌కే, రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం, 2014 జనవరి 7న మొదలైంది, 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకి. ఆరు అంశాలు: పోషణ, లైంగిక పునరుత్పత్తి ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం, గాయాలు హింస, మత్తు అలవాట్లు, బీపీ షుగర్ లాంటి జబ్బులు. మీరు వేలు పోసి కొనుక్కుందామనుకున్న కోర్సుల్లో ఉండేది కూడా దాదాపు ఇదే. సంస్థ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం రాసుకుని మీ పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ని కలవండి, ఆశాలకి, పీర్ ఎడ్యుకేటర్లకి (సాటి పిల్లలకి చెప్పే పిల్లలకి) ట్రైనింగ్ జరిగేటప్పుడు మమ్మల్నీ కూర్చోనివ్వండి అని. ఒప్పుకుంటే మీకు రెండు లాభాలు, సబ్జెక్టు వస్తుంది, ఏఎన్‌ఎం, ఆశా మీకు స్నేహితులవుతారు. రెండోదే పెద్ద లాభం. స్కూళ్ళలో అయితే 2020 నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఇద్దరేసి టీచర్లని హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లుగా తయారుచేసే కార్యక్రమం ఉంది, మీ మండలంలో ఆ టీచర్లెవరో కనుక్కోండి, వాళ్ళ దగ్గర 11 అంశాల మెటీరియల్ ఉంటుంది.

ఈ ట్రైనింగ్‌లో చిన్న చిన్న వివరాలు జాగ్రత్తగా రాసుకోండి, ఫీల్డులో అవే పనికొస్తాయి. ఉదాహరణకి నీలం రంగు ఐరన్ మాత్ర, వారానికొకటి. మన రాష్ట్రంలో ఆడపిల్లల్లో సగం కంటే ఎక్కువ మందికి రక్తహీనత ఉంది, మాత్రలూ ఫ్రీగా ఇస్తారు, అయినా కిటికీలోంచి పారేస్తారు. ఎందుకంటే కడుపులో తిప్పుతుంది, విరేచనం నల్లగా వస్తుంది, భయపడిపోతారు. అన్నం తిన్నాక వేసుకోమని, టీ తాగిన వెంటనే వేసుకోవద్దని, నిమ్మకాయో ఉసిరో తింటే ఒంటికి బాగా పడుతుందని, నల్లగా రావడం మామూలేనని ముందే చెప్తే మానరు. హిమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే రక్తహీనతే, 8 కంటే తగ్గితే వెంటనే డాక్టరు చూడాల్సిందే, అప్పటికే తగ్గిపోయిన పిల్లకి వారానికొక మాత్ర చాలదు, డాక్టరు వేరే మోతాదు రాస్తారు. చోడంబలి (రాగి అంబలి) మంచిదే, నేనూ తాగమంటాను, కానీ అంబలి తాగుతున్నాను కదా అని మాత్ర మానేస్తే ఊరుకోకండి.

మగపిల్లల గురించి ఎవరూ మాట్లాడట్లేదు, ఇది నాకు చాలా బాధగా ఉంటుంది. అన్ని ట్రైనింగుల్లోనూ కౌమార ఆరోగ్యం అంటే ఆడపిల్లలు, నెలసరి, శానిటరీ ప్యాడ్లు దగ్గరే ఆగిపోతుంది. అది అవసరమే, కాదనట్లేదు. కానీ బస్టాండు గోడల మీద 'నరాల బలహీనత' ప్రకటనలు చూశారు కదా, వాటికి వెళ్ళేది మన కుర్రాళ్ళే. నిద్రలో స్ఖలనం అయితే జబ్బనుకుంటారు, హస్తప్రయోగం చేస్తే ఒంట్లో శక్తి పోతుందని, పెళ్ళికి పనికిరామని నమ్ముతారు, కూలి డబ్బులు తీసుకెళ్ళి ఆ లాడ్జిల్లో కూర్చునే నకిలీ వైద్యులకి పోస్తారు, కొందరైతే ఈ దిగులుతోనే చదువు మానేశారు. ఇవి జబ్బులు కావు, ఆ వయసులో మామూలే అన్న ఒక్క మాట నమ్మదగ్గ మనిషి చెప్తే చాలు. మీలాగే నేనూ ఆడమనిషిని, కుర్రాళ్ళు నా ముందు నోరు విప్పరు, అందుకని ఆ సెషన్ పీహెచ్‌సీ నుంచి మగ హెల్త్ అసిస్టెంట్‌ని గానీ డాక్టరుని గానీ పిలిపించి నేను బయటికొచ్చేస్తాను, ప్రశ్నలు పేర్లు లేకుండా చీటీల మీద రాయించి డబ్బాలో వేయిస్తాం. ఆ చీటీలు చదివితే మీకే తెలుస్తుంది పిల్లలు ఎంత భయం మోస్తున్నారో. మీరు ఏ ట్రైనింగ్‌కి వెళ్ళినా "మగపిల్లల మాటేంటండీ" అని అడగండి.

గంజాయి సంగతి క్లుప్తంగా: క్లాసు పీకితే లాభం ఉండదు, వాడేవాణ్ణి గ్రూపులోంచి వెలివేస్తే ఇంకా లోపలికి పోతాడు. మానాలనుకున్నవాళ్ళ కోసం 14446 ఉంది, అమ్మేవాళ్ళ సమాచారం చెప్పాలంటే రాష్ట్రంలో 1972. రెండూ కలిపేయకండి, సాయం కోసం వచ్చిన పిల్లాడు మీరు పోలీసులకి చెప్తారేమో అనుకుంటే మళ్ళీ రాడు.

డబ్బులు తీసుకునే కోర్సుల విషయం. అన్నీ మోసం అనను, కానీ రెండు రోజుల్లో 'సర్టిఫైడ్ కౌన్సెలర్' చేస్తామంటే నమ్మకండి. క్లినికల్ సైకాలజిస్టు అవ్వాలంటే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉండాలి, దాని వెనక ఏళ్ళ చదువుంది. డబ్బు కట్టే ముందు ఐదు విషయాలు అడగండి: చెప్పేవాళ్ళు ఎవరు, ఎక్కడ పనిచేశారు, రోల్ ప్లే ఎన్ని గంటలు, కోర్సయ్యాక కష్టమైన కేసు వస్తే ఫోన్ చెయ్యడానికి ఎవరైనా ఉంటారా, తెలుగులో చెప్తారా. చివరి రెండిటికి నీళ్ళు నమిలితే ఆ డబ్బు దాచుకోండి. నిజంగా ఇదే వృత్తిగా చేసుకోవాలనుకుంటే ఏడాది తర్వాత ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చెయ్యండి, ఆంధ్రా యూనివర్సిటీలో సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ ఉంది, ఉద్యోగం చేస్తూ అయితే ఇగ్నోలో కౌన్సెలింగ్ మీద ఎంఎస్‌డబ్ల్యూ ఉంది. శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ యువజనాభివృద్ధి సంస్థ యూత్ వర్కర్లకి, ట్రైనర్లకి శిక్షణలు పెడుతుంది, వాళ్ళ నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి. కర్ణాటకలో నిమ్‌హాన్స్‌తో కలిసి 'యువ స్పందన' అని నడుపుతున్నారు, ఊళ్ళో కుర్రాళ్ళనే ట్రైన్ చేసి సాటి యువతకి తోడుగా నిలబెడతారు. అలాంటిది మన జిల్లాల్లో రావాలని నేను అడగని మీటింగ్ లేదు.

ట్రైనింగుల కంటే ముందు మీరు ఈ వారంలోనే చెయ్యగలిగిన పని ఒకటుంది. ఒక కాగితం మీద మీ ఏరియా రిఫరల్ లిస్టు రాయండి, రాసిన ప్రతి చోటుకీ ఒకసారి స్వయంగా వెళ్ళి రండి. పీహెచ్‌సీ డాక్టరు, సచివాలయం ఏఎన్‌ఎం, మహిళా పోలీసు, టెక్కలి పెద్దాసుపత్రి, శ్రీకాకుళంలో మనం ఇంకా రిమ్స్ అనే పిలిచే జీజీహెచ్‌లో సైకియాట్రీ ఓపీ ఏ గదిలో, ఏ రోజుల్లో, చీటీ ఎక్కడ రాయించాలి, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి వన్ స్టాప్ సెంటర్ ఎక్కడ, 108, 112 (ఎమర్జెన్సీ), 181 (మహిళల హెల్ప్‌లైన్), 1098, 14416. "రిమ్స్‌కి వెళ్ళు" అని పంపిస్తే సగం మంది గేటు దాకా వెళ్ళి తిరిగొచ్చేస్తారు, "ఫలానా గది, నేనూ వస్తాను, తొమ్మిదికి బస్టాండులో ఉంటాను" అంటే వస్తారు. ఎక్కడ ఆగాలో తెలియడం అంటే వదిలెయ్యడం కాదమ్మా, చెయ్యి పట్టుకుని తర్వాతి మనిషి చేతిలో పెట్టడం.

మీ గురించి కూడా ఒక మాట. ఈ పనిలో చేరిన మంచి పిల్లలు రెండేళ్ళలో అలిసిపోయి మానేయడం చాలా చూశాను, అర్ధరాత్రి ఫోన్లు, ఒక్కళ్ళే మొయ్యడం వల్ల. రాత్రి ఇన్నింటి తర్వాత నేను ఫోన్ ఎత్తను, అప్పుడు 14416కి చెయ్యండి అని పిల్లలకి ముందే చెప్పండి. కష్టమైన కేసు వచ్చిన రోజు మీ పైవాళ్ళతోనో ఇంకో సీనియర్ వర్కర్‌తోనో పేరు చెప్పకుండా మాట్లాడండి. నెలకొకసారి ఇలా కూర్చునే ఏర్పాటు చెయ్యమని ఆఫీసుని అడగండి, అది మీ హక్కు, దానికి మొహమాటపడొద్దు.

చివర్లో మీరు అడిగారు, సర్టిఫికెట్ చూపించకపోతే ఆఫీసులో ఒప్పుకోరేమో అని. రెడ్ క్రాస్ ఫస్ట్ ఎయిడ్‌కి సర్టిఫికెట్ వస్తుంది, ఆన్‌లైన్ కోర్సులకి కావాలంటే తీసుకోవచ్చు, కొన్నిటికి ఫీజు ఉంటుంది. కేంద్రం యువత కోసం నడిపే మై భారత్ పోర్టల్‌లో రిజిస్టర్ అయితే మీరు చేసిన కార్యక్రమాలు అక్కడ నమోదవుతాయి, పాత నెహ్రూ యువ కేంద్రం జిల్లా ఆఫీసులో అడిగితే ఎలాగో చెప్తారు. పీహెచ్‌సీ ట్రైనింగ్‌కి సర్టిఫికెట్ రాకపోవచ్చు, హాజరైనట్టు మెడికల్ ఆఫీసర్ చేత ఒక లెటర్ రాయించుకోండి, మీ ఫైల్‌కి అది సరిపోతుంది. ఆ ఉత్తరం నమూనా, మా రిఫరల్ లిస్టు ఫార్మాట్ కావాలంటే కింద అడగండి, టైప్ చేసి పెడతాను.